తక్కువ డబ్బుతో పెళ్లి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. మా కుటుంబంలో ఆరు పెళ్లిళ్లకు లెక్కల పుస్తకం నా చేతిలోనే ఉంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. అడిగే మనిషి మారినా సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది.

## ఇంకా ఏదీ ఖాయం కాకముందు

మా దగ్గరున్న డబ్బుతో పెళ్లి అవుతుందా? లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

అవుతుంది. అయితే "పెళ్లికి ఎంతవుతుంది?" అని ఊళ్లోవాళ్లని అడగడంతో మొదలుపెట్టకండి. పెళ్లయిన మర్నాడు మీ చేతిలో ఎంత మిగలాలో ముందు రాసుకోండి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు, అద్దింట్లోకి మారేట్టయితే దానికి కట్టాల్సిన అడ్వాన్సు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తీయాల్సిన డబ్బు. ఉన్న మొత్తంలోంచి ఇది తీసేయండి. మిగిలిందే పెళ్లి డబ్బు. అందులోనూ పదో వంతు విడిగా దాచి, అది లేనట్టే అన్నీ మాట్లాడుకోండి. చివరి వారంలో ఆ పదో వంతే మిమ్మల్ని ఆదుకుంటుంది.

రెండు వైపులవాళ్లతో డబ్బు మాట ఎలా ఎత్తాలి? మొహమాటంగా ఉంది.

ఆ మొహమాటం ఇప్పుడైతే ఒక సాయంత్రంతో పోతుంది. వాయిదా వేస్తే ఏళ్ల తరబడి మనసులో ఉండిపోతుంది. ముందు పెళ్లి చేసుకునే ఇద్దరూ కూర్చుని ఒక అంకె మీద నిలబడండి. తర్వాత ఎవరింట్లో వాళ్లే మాట్లాడండి. కోడలో అల్లుడో కాబోయే మనిషి నోటి వెంట డబ్బు మాట వస్తే వినేవాళ్లకు వేరేలా తగులుతుంది. "మీరెంత పెడతారు?" అని అడగకుండా, "మేమింత పెట్టగలం, ఇందులో ఇవి వస్తాయి, ఇవి రావు" అని కాగితం ముందు పెట్టండి. పెద్దవాళ్లు కొంత ఇస్తామంటే అది ఎప్పుడు చేతికొస్తుందో, ఫలానా దానికే వాడాలన్న షరతు ఏమైనా ఉందో మర్యాదగా అడిగి తెలుసుకోండి. చేతికి రాని డబ్బును లెక్కలో రాయకండి.

ఎంతమందిని పిలవాలి? ఎవర్ని తీసేసినా బాధపడతారు.

అన్నిటికంటే ఎక్కువసేపు నేను మాట్లాడేది ఈ ప్రశ్న మీదే, ఎందుకంటే మిగతా ఖర్చులన్నీ ఈ అంకె వెనకాలే నడుస్తాయి. పెళ్లి ఖర్చు రెండు రకాలు. మనిషిని బట్టి పెరిగేది ఒకటి: భోజనం, కుర్చీలు, వచ్చినవాళ్ల బస, బండ్లు. ఎంతమంది వచ్చినా మారనిది ఇంకొకటి: ఫొటోలు, మైకు, పెళ్లి బట్టలు.

మొత్తం ఖర్చు వంద అనుకోండి. అందులో మనిషిని బట్టి పెరిగేది అరవై. మూడు వందలమందిని రెండు వందలు చేస్తే ఆ అరవై నలభైకి దిగుతుంది, ఒక్క దెబ్బతో ఇరవై మిగులుతుంది. అదే జాబితా ముట్టుకోకుండా, పదికి కుదిరిన అలంకరణను గీచి గీచి బేరమాడి సగం చేసినా మిగిలేది ఐదే.

తగ్గించడానికి నేను వాడే పద్ధతి ఇది. మూడు జాబితాలు రాయండి. వీళ్లు లేకపోతే పెళ్లి పెళ్లిలా ఉండదనిపించేవాళ్లు. వస్తే సంతోషం అనిపించేవాళ్లు. పిలవకపోతే ఏమనుకుంటారో అనిపించేవాళ్లు. మీ డబ్బును తినేది ఆ మూడో జాబితా. అందులో ఉన్నవాళ్లతో గడిచిన రెండేళ్లలో ఒక్కసారైనా నింపాదిగా మాట్లాడారేమో గుర్తు చేసుకోండి.

తీసేసేటప్పుడు ఒక్కొక్కరిని ఏరకండి, వరస మొత్తం ఆపండి. ఆఫీసువాళ్లని పిలవడం లేదంటే ఎవరినీ పిలవడం లేదని. పదిమందిలో నలుగురిని పిలిస్తే మిగిలిన ఆరుగురికి గుచ్చుకుంటుంది. ఎవరినీ పిలవకపోతే ఎవరికీ పట్టింపు ఉండదు.

చిన్నగా చేసుకుంటే నలుగురూ తక్కువగా చూడరా?

రెండు రోజులు మాట్లాడుకుంటారు, నిజమే. ఘనంగా చేసినా ఆ రెండు రోజులూ మాట్లాడుకుంటారు. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థికవేత్తలు ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియాలోన్ 2014లో ఒక అధ్యయనం బయటపెట్టారు. పెళ్లి చేసుకున్న 3,000 మందికి పైగా అమెరికన్లను అడిగి చూస్తే, ఉంగరానికీ పెళ్లికీ ఎక్కువ ఖర్చు పెట్టినవాళ్ల కాపురాలు నిలిచిన కాలం తక్కువగా కనిపించింది. ఎక్కువమంది సమక్షంలో పెళ్లి చేసుకున్నవాళ్ల విషయంలో ఇందుకు ఎదురుగా తేలింది. ఇవి రెండూ కలిసి కనబడ్డాయనే తప్ప ఒకదానివల్లే ఇంకొకటి జరిగిందని అనలేం. నాకు ఇందులో నచ్చింది మాత్రం ఒకటుంది. చిన్న పెళ్లి అంటే మనుషులు తక్కువ ఉండాలనేం లేదు. పూట భోజనం పెట్టే స్తోమత లేకపోతే సాయంత్రం పూట తేలికపాటి ఫలహారంతో ఎక్కువమందిని పిలుచుకోవచ్చు. పిలిచే పద్ధతిలో ప్రేమ ఉంటే వచ్చినవాళ్లు ఆకులో ఉన్న వంటకాలు లెక్కపెట్టరు.

పెళ్లి కోసం అప్పు చేయొచ్చా?

చేయకండి. నా మాటగా ఇంత గట్టిగా చెప్పేది ఇదొక్కటే. వంద అప్పు తీసుకుని ఏడాదికి 15 శాతం వడ్డీతో మూడేళ్లు నెలవారీ వాయిదాలు కడితే తిరిగి కట్టేది సుమారు 125. అంటే నాలుగు పూటల సంబరానికి ఐదో పూట డబ్బు వడ్డీగా పోతుంది, కాపురం మొదటి మూడేళ్లూ ఆ వాయిదాతోనే నెల మొదలవుతుంది.

ఇంకో మోసం ఫ్లాట్ వడ్డీలో ఉంది. "12 శాతమే" అంటారు. ఫ్లాట్ పద్ధతిలో మీరు అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే వేస్తారు. మూడేళ్లకు వందకు 36 వడ్డీ. తగ్గుతున్న బాకీ మీద లెక్కవేస్తే అది ఏడాదికి 21 శాతం పైన పడుతుంది. తప్పనిసరై తీసుకోవాల్సి వస్తే శాతం అడగకండి, "మొత్తం ఎంత కట్టాలి, ఎన్ని నెలలు?" అని అడిగి ఆ అంకె కాగితం మీద రాయించుకోండి.

అనుకున్నదానికంటే ఎప్పుడూ ఎక్కువే ఎందుకవుతుంది?

మనసు అలా పనిచేస్తుంది కాబట్టి. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే ఈ సంగతి రాశారు. ఏ పనికైనా అంచనా వేసేటప్పుడు మనం అన్నీ సవ్యంగా జరిగే దారినే ఊహించుకుంటాం, అలాంటి పనులు ఇంతకుముందు ఎలా జరిగాయో చూడం. దీనికి మందు కూడా అక్కడే ఉంది. ఈ మధ్య పెళ్లి చేసినవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని పట్టుకుని "ఎంత అనుకున్నారు, చివరికి ఎంతయింది?" అని రెండంకెలూ అడగండి. ఆ రెండింటి మధ్య తేడాయే మీకూ వస్తుందనుకుని సిద్ధపడండి.

లెక్క ఎలా రాయాలి? ఫోన్‌లో యాప్ ఏదైనా ఉందా?

యాప్ ఉన్నా పర్లేదు, ఇంట్లో అందరి కంటికీ కనిపించే పుస్తకం ఇంకా మంచిది. నా పుస్తకంలో పేజీకి ఐదు గళ్లు ఉంటాయి: దేనికి, అనుకున్నదెంత, మాట్లాడుకున్నదెంత, ఇచ్చిందెంత, ఇంకా ఇవ్వాల్సిందెంత. ఇచ్చిన ప్రతిసారీ తేదీ, ఎవరి చేతికిచ్చామో వాళ్ల పేరు. వెనక అట్టకు ఒక కవరు అంటించి ఉంటుంది, రసీదులన్నీ అందులోకే. మూడో గడిలో అంకె రెండో గడిని దాటితే ఎర్ర పెన్నుతో రాస్తాను. పేజీలో ఎరుపు పెరుగుతుంటే కొత్తగా ఏదీ ఒప్పుకోకూడదని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

## తేదీ, చోటు

తేదీ మారిస్తే నిజంగా ఖర్చు తగ్గుతుందా?

తగ్గుతుంది, అన్నిటికంటే తేలిగ్గా తగ్గేది అక్కడే. అందరూ కోరుకునే రోజున హాలువాళ్లకు మీతో బేరమాడాల్సిన అవసరం లేదు. వారం మధ్యలోనో, రద్దీ లేని నెలలోనో అడిగితే అదే హాలు, అదే వంటవాళ్లు, అదే ఫొటోగ్రాఫర్ తక్కువకు వస్తారు. ఎంత తగ్గుతుందో నేరుగా అడగండి: "ఇదే ఏర్పాటు ఫలానా రోజైతే ఎంత?" ఒక్కటి మాత్రం చూసుకోండి. సెలవు దొరక్క మీకు బాగా కావాల్సినవాళ్లు ఆగిపోతే ఆ మిగులుకు అర్థం లేదు. వీళ్లు లేకపోతే పెళ్లి పెళ్లిలా ఉండదనిపించే పదిమందిని ముందే అడిగి, తర్వాతే తేదీ పెట్టుకోండి.

హాలు చూడటానికి వెళ్తున్నాం. ఏమేం అడగాలి?

అద్దె ఎంత అన్నది ఆఖర్న అడగండి. ముందు అద్దెలో ఏమేం కలిసున్నాయో అడగండి.

ఎన్ని గంటలు? ఆ గంటల్లో అలంకరణకు, ఆఖర్న శుభ్రం చేయడానికి పట్టే సమయం కలిసుందా? గంట దాటితే ఎంత? బయటి వంటవాళ్లని రానిస్తారా, రానిస్తే దానికి విడిగా ఏమైనా కట్టాలా? కుర్చీలు, బల్లలు, నీళ్లు, గదులు అద్దెలోనివేనా? శుభ్రం చేసినందుకు విడిగా అడుగుతారా? డిపాజిట్ ఎన్ని రోజులకు తిరిగిస్తారు, ఏ కారణం మీద కోస్తారు?

కరెంటు గురించి తప్పకుండా అడగండి. మా అక్క పెళ్లికి హాలు అద్దె బాగా కుదిరిందని సంబరపడ్డాం. తెల్లవారి ఖాళీ చేసేటప్పుడు కరెంటు బిల్లు విడిగా తెచ్చిచ్చారు. ముందురోజు మీటరులో ఎంతుందో మాలో ఎవరూ చూడలేదు, వాళ్లు చెప్పిందే లెక్క అయింది. అప్పటినుంచి ఏ హాలులోకి అడుగుపెట్టినా తాళం తీసుకున్న వెంటనే మీటరు దగ్గర నిలబడి అంకెలు కనబడేలా ఫోన్‌లో ఫొటో తీస్తాను, వాళ్ల మనిషికి అప్పుడే పంపిస్తాను. జెనరేటరు ఉంటే డీజిల్ ఎవరిదో కనుక్కోండి. దాని సామర్థ్యం కేవీఏలలో చెబుతారు. మామూలుగా 10 కేవీఏ అంటే చేతికొచ్చేది సుమారు 8 కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే ఒకటిన్నర కిలోవాట్ల దాకా లాగుతుంది కాబట్టి, కరెంటు పోతే ఏవి నడుస్తాయో ఏవి నడవవో ముందే తేల్చుకోండి.

ఎంత పెద్ద హాలు తీసుకోవాలి?

గుండ్రటి బల్లల చుట్టూ కూర్చోబెట్టి భోజనం పెట్టాలంటే మనిషికి సుమారు 12 చదరపు అడుగులు అనుకోండి. రెండు వందలమందికి 2,400 చదరపు అడుగులు, వేదికకూ వడ్డించే చోటుకూ ఇంకా అదనం. ఐదడుగుల గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిదిమంది హాయిగా కూర్చుంటారు, పదిమంది ఇరుకుగా. అవసరానికి మించి పెద్ద హాలు తీసుకుంటే అద్దె ఒక్కటే పెరగదు. ఖాళీగా కనబడుతోందని అలంకరణ పెంచుతారు, మాట వినబడటం లేదని స్పీకర్లు పెంచుతారు.

ఇంటి దగ్గరో ఆరుబయటో చేసుకుంటే చౌక కదా?

యాభైమంది లోపైతే చౌకే, పైగా ఆ ఆప్యాయత హాలులో రాదు. అంతకు మించితే కాగితం మీద వేసి చూడండి. షామియానా, కుర్చీలు, బల్లలు, లైట్లు, జెనరేటరు, తాగే నీళ్లు, చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్లు, చెత్త ఎత్తించడం, వానొస్తే వేరే ఏర్పాటు. హాలు అద్దెలో కలిసిపోయే ఇవన్నీ ఇక్కడ విడివిడిగా కొనాలి. ఇంకోటి, ఇంటివాళ్లు పెళ్లి చూడకుండా రోజంతా పరుగులు పెడుతూనే ఉంటారు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాని పెళ్లి నేను చూశాను, ఆ ఫొటోల్లో ఆవిడ రెండుచోట్లే ఉంది.

రిజిస్టర్ పెళ్లి చేసుకుని తర్వాత చిన్న విందు ఇస్తే?

అంతకంటే పొదుపైన దారి లేదు. చట్టం దృష్టిలో అది పూర్తి పెళ్లి. అయితే "వెళ్లి సంతకం పెట్టి రావడమే" అనుకోకండి. చాలాచోట్ల ముందుగా నోటీసు ఇచ్చి కొన్నాళ్లు ఆగాల్సి ఉంటుంది, వయసుకూ చిరునామాకూ రుజువులు, సాక్షులు కావాలి. విందు తేదీ ఎవరికైనా చెప్పేముందు ఆ కార్యాలయానికి స్వయంగా వెళ్లి ఏమేం కావాలో, ఎన్ని రోజులు పడుతుందో కనుక్కోండి.

## మాటలు, అడ్వాన్సులు

బేరం ఎలా ఆడాలి? నాకు చేతకాదు.

"కొంచెం తగ్గించండి" అంటే ఎవరూ మనసారా తగ్గించరు. తగ్గించినా ఎక్కడో ఒకచోట కోసుకుంటారు. మీ దగ్గరున్న అంకె నిజాయితీగా చెప్పి, "ఇంతలో మీరేం చేయగలరు?" అని అడగండి. పనిలో ఉన్నవాళ్లకు ఎక్కడ ఖర్చు తగ్గుతుందో మనకంటే బాగా తెలుసు. ఆ పని మూడుచోట్ల అడగండి, మూడుచోట్లా ఒకే జాబితా చూపించండి, లేకపోతే ధరల్ని పోల్చలేరు. పెళ్లని చెప్పకుండా ఏదో విందని చెబితే తక్కువ చెబుతారని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. పెళ్లికి ఆలస్యం కుదరదు, తప్పు జరిగితే మళ్లీ చేయలేం. అది తెలిసినవాళ్లే ఆ జాగ్రత్తతో వస్తారు.

అడ్వాన్సు ఎంత ఇవ్వాలి? రద్దయితే తిరిగొస్తుందా?

తిరిగొస్తుందా లేదా అన్నది మీరు ఇచ్చేముందు రాయించుకున్నదాన్ని బట్టి ఉంటుంది. వీలైనంత తక్కువతో మొదలుపెట్టి, మధ్యలో ఒక వాయిదా, పని పూర్తయ్యాక చివరిది అన్నట్టు మూడు భాగాలుగా మాట్లాడుకోండి. మొత్తం ముందే ఇస్తే ధర తగ్గిస్తామన్నా ఒప్పుకోకండి. రసీదు మీద తేదీ, ఏ రోజు పనికి, మొత్తం ధర, ఇచ్చింది, మిగిలింది, రద్దయితే ఎంత తిరిగిస్తారు, తేదీ మారిస్తే సర్దుకుంటుందా అన్నవి ఉండాలి. రసీదు పుస్తకం లేని చిన్న పనివాళ్లైతే ఫోన్‌లో మెసేజ్‌గా పంపి "సరే" అనిపించుకోండి. నోటిమాట మీద ఇచ్చిన డబ్బుకు గొడవపడే వేళ పెళ్లివారికి ఉండదు.

భోజనాల్లో ఎక్కడ తగ్గించొచ్చు? తక్కువ చేస్తే పరువు పోతుందని భయం.

ఆకలితో ఎవరైనా వెళ్లిపోతే చెడ్డపేరు వస్తుంది. వంటకాల సంఖ్య తగ్గితే రాదు. జాబితాలో సగానికి సగం తీసేసి, ఉన్నవి వేడివేడిగా, కొసరి కొసరి వడ్డించండి. ఇరవై రకాలు పెడితే వండేవాళ్ల చేయి పలచబడుతుంది, తినేవాళ్లూ అన్నీ కొంచెం కొంచెం వేసుకుని సగం వదిలేస్తారు. మీ డబ్బు అక్కడ పారబోసినట్టే.

లెక్క ఎలా కడతారో ముందే తేల్చుకోండి. ప్లేటు లెక్కనా, మొత్తం కలిపా? కనీసం ఇంతమందికి కట్టాలన్న నియమం ఉందా? చిన్నపిల్లలకు, ఫొటోగ్రాఫర్‌కు, డ్రైవర్లకు ఎలా లెక్కేస్తారు? ప్లేటు లెక్కయితే భోజనాలు మొదలయ్యేముందు ఉన్న ప్లేట్లను మీ మనిషి ఒకరు, వాళ్ల మనిషి ఒకరు కలిసి లెక్కపెట్టి రాసుకోవాలి. పూర్తయ్యాక మిగిలినవి మళ్లీ ఇద్దరూ కలిసే లెక్కపెట్టాలి. ఇందుకు కొంచెం పట్టుదల ఉన్న, మొహమాటం లేని బంధువును పెట్టండి.

పిలిచినవాళ్లందరూ రారు. కానీ ఎంతమంది రారో ఊహించి తగ్గించుకోకండి. వారం ముందు ఒకరు కూర్చుని ఇంటింటికీ ఫోన్ చేసి "మీ ఇంటి నుంచి ఎంతమంది వస్తున్నారు?" అని అడిగి రాసుకుంటే అంకె తేలుతుంది. రెండు సాయంత్రాల పని.

వంట మన బంధువులే చేస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

యాభైమంది లోపైతే ఒప్పుకోండి, దానంత మంచి కానుక ఉండదు. అంతకు మించితే పెద్ద గిన్నెల్లో కొలతలు మారిపోతాయి, వేడి నిలపడం కష్టమవుతుంది. వండినది మామూలు వాతావరణంలో రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. వేడిగా పెట్టాల్సింది 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీల లోపు ఉండాలి. ఆ మధ్యలోనే సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి. కాబట్టి అంతా ఒకేసారి వండి పెట్టుకోకుండా రెండు మూడు విడతలుగా దించేలా ఏర్పాటు చేయండి.

ఫొటోలు స్నేహితుడు తీస్తానంటున్నాడు. సరిపోతుందా?

ఆ స్నేహితుడు పెళ్లి చూడాలా, పెళ్లి తీయాలా అన్నది ముందు తేల్చుకోండి. రెండూ కుదరవు. నా సలహా మధ్యే మార్గం: ముఖ్యమైన రెండు మూడు గంటలకు పనివాడైన ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకుని, మిగతా సమయానికి స్నేహితుల ఫోన్లు వాడుకోండి. ఆల్బమ్, డ్రోన్, సినిమా తరహా వీడియో వద్దని చెబితే ధర చాలా దిగుతుంది. ఆల్బమ్ ఎప్పుడైనా వేయించుకోవచ్చు, ఫొటో తీయకపోతే మళ్లీ దొరకదు. అసలు ఫైళ్లన్నీ మీకే ఇస్తారని రాయించుకోండి. అందిన రోజే రెండు వేర్వేరు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి.

తప్పకుండా కావాల్సిన ఫొటోల జాబితా ఒకటి రాసివ్వండి. పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు, ఆ జాబితాలో మొదట ఉండాలి.

పూలు, అలంకరణ ఎంత పెట్టాలి?

కెమెరా ఎటు తిరుగుతుందో అటే పెట్టండి. పెళ్లి జరిగే చోటు వెనక ఒక గోడ, గుమ్మం, అంతే. మిగతా హాలుకు మంచి వెలుతురు చాలు. ఆ కాలంలో విరివిగా పూసే పూలే వాడండి, కాలం కాని పూలకు ధరతో పాటు వాడిపోయే గుణం కూడా ఎక్కువ. సొంతంగా కట్టుకునేట్టయితే ముందురోజు సాయంత్రం తెచ్చుకుని, కాడల చివర ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి చల్లటి గదిలో ఉంచండి. పండ్ల బుట్టల పక్కన మాత్రం పెట్టకండి. పండే పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకు పూలు తొందరగా వడిలిపోతాయి.

కార్డులు అచ్చువేయించాలా, ఫోన్‌లో పంపితే చాలా?

ఫోన్‌లో పంపితే చాలు. పెద్దవాళ్లకు, చేత్తో ఇస్తేనే పిలిచినట్టనుకునేవాళ్లకు కొన్ని వేయించండి. కార్డులు గడపల లెక్కన వేయించాలి, మనుషుల లెక్కన కాదు. ఆఫ్‌సెట్ అచ్చులో ఖర్చంతా మొదటి ఏర్పాటుకే అవుతుంది. అదే విడతలో ఇంకో ఇరవై కలిపితే పెద్దగా పెరగదు, చాలక మళ్లీ వెళితే మొదటి ఖర్చు మళ్లీ పడుతుంది. చిన్న సంఖ్యకైతే డిజిటల్ అచ్చు నయం.

## బట్టలు, నగలు

ఒక్కరోజు కట్టుకునే బట్టలకు అంత పెట్టాలా? అద్దెకు తెచ్చుకుంటే?

అద్దెకు తెచ్చుకోవడంలో ఏ చిన్నతనమూ లేదు. కొలతలు సరిచేసే ఖర్చు, మరక పడితే కోసే డబ్బు, తిరిగివ్వాల్సిన గంట మాత్రం ముందే అడగండి. కొనేట్టయితే మళ్లీ కట్టుకునేదే కొనండి. అమ్మదో అత్తదో పెట్టెలో ఉన్నది బాగుచేయించి కట్టుకుంటే డబ్బు మిగలడం సంగతి అలా ఉంచితే, ఆ రోజు ఇచ్చినావిడ ముఖం చూడాలి. మా చెల్లెలు అమ్మ చీరే కట్టుకుంది. అంచు దగ్గర పాత కుట్టు ఒకటి అలాగే ఉంచమంది.

నగలకు ఎంత? బంగారం ఎలాగూ ఆస్తే కదా?

బంగారం వరకు ఆస్తే. మజూరీ, తరుగు, రాళ్లు ఆస్తి కాదు, అమ్మబోతే అవి తిరిగి రావు. 22 క్యారట్లలో బంగారం 91.6 శాతం, 18 క్యారట్లలో 75 శాతం. హాల్‌మార్క్ చూడండి. రాళ్లు పొదిగిన నగలో రాళ్ల బరువు బంగారం బరువులో కలిపారేమో బిల్లులో విడిగా రాయించి చూసుకోండి. పనితనం తక్కువ ఉన్న సాదా నగకు మజూరీ తక్కువ.

వజ్రపుటుంగరం లేకపోతే లోటనుకునేవాళ్లకు ఒక సంగతి. వజ్రం కలకాలం నిలుస్తుందన్న మాట డి బీర్స్ అనే వజ్రాల కంపెనీ కోసం 1947లో ఫ్రాన్సెస్ గెరెటీ అనే ప్రకటనల రచయిత్రి రాసింది. వ్యాపారం కోసం పుట్టిన మాట అది. వజ్రమే కావాలంటే ప్రయోగశాలలో తయారైనవి ఉన్నాయి. అవీ స్ఫటికీకరించిన కార్బనే, భూమిలో దొరికిన వజ్రానికీ వాటికీ మామూలు కంటికి తేడా తెలియదు, ధర చాలా తక్కువ. తిరిగి అమ్మితే వచ్చేది కూడా తక్కువేనని తెలిసి కొనండి.

## చివరి వారం, ఆ రోజు

అంతా లెక్క ప్రకారమే వెళ్తోంది. చివరి వారంలో డబ్బు ఎక్కడ జారిపోతుంది?

చిన్నవాటిలో. ఆటోలు, కార్లు, బట్టలు సరిచేయించడం, ఆఖరి నిమిషం చెప్పులు, టిప్పులు, ముందే దిగిన చుట్టాల టిఫిన్లు, "ఇదొక్కటే కదా" అనుకుని ఒప్పుకున్నవి. ఒక్కొక్కటీ చిన్నదే, కలిపితే ఫొటోగ్రాఫర్ ఖర్చంత అవుతుంది. చివరి పది రోజులకు ఒక నియమం పెట్టుకోండి: కొత్త ఖర్చేదైనా ఇద్దరు ఒప్పుకుంటేనే. ఒక్కరు కాదంటే ఆగిపోతుంది.

ఆ రోజు డబ్బు ఎవరి దగ్గర ఉండాలి?

పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వాళ్ల అమ్మానాన్నల దగ్గర ఉండకూడదు. నమ్మకమైన బంధువు ఒకరికి అప్పగించండి. ముందురోజు రాత్రే ఒక్కొక్కరికి ఇవ్వాల్సింది వేరువేరు కవర్లలో పెట్టి, పైన పేరు, మొత్తం, ఎప్పుడివ్వాలో రాసి అంటించాలి. నేను కవరు మూలన చిన్న గడి గీస్తాను, తీసుకున్నవాళ్లు అందులో సంతకం పెడతారు. ఆ రోజు రాత్రి ఖాళీ కవర్లన్నీ పుస్తకంలోకి చేరతాయి. దీనివల్ల "మీ మావయ్యగారు ఇంకొంత ఇస్తానన్నారు" లాంటి మాటలకు తావుండదు.

భోజనం మిగిలిపోతే ఏం చేయాలి?

మిగిలాక ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది. మిగిలిన ఆహారం తీసుకెళ్లి పంచే సంస్థ దగ్గర్లో ఉంటే ముందే మాట్లాడి, ఎన్నింటికి రావాలో చెప్పి ఉంచండి. ప్లేట్లలో వదిలేసింది, బయట గంటల తరబడి ఉన్నది ఇవ్వకండి. వడ్డనకు రాని గిన్నెల్లోది వేడిగా ఉండగానే మూతపెట్టి ఇవ్వండి. ఇంటికెళ్లే దగ్గరివాళ్లకు ఇవ్వడానికి మూతలున్న డబ్బాలు కొన్ని తెచ్చిపెట్టుకుంటే ఇంకా తేలిక.

## పెళ్లయ్యాక

బాకీలు ఎప్పటిలోగా తీర్చాలి?

వారంలోగా. పనిచేసినవాళ్లలో చాలామంది ఏ రోజు సంపాదనతో ఆ రోజు గడిపే మనుషులు, వాళ్ల కూలీలకు వాళ్లు ఇచ్చుకోవాలి. ఏదైనా పని సరిగా జరగకపోతే అది చెప్పి, ఎంత తగ్గిస్తారో ఆ వారంలోనే తేల్చుకోండి. చివరి చెల్లింపు రసీదు మీద "మొత్తం ముట్టింది" అని రాయించుకోవడం మర్చిపోకండి. డిపాజిట్ తిరిగి రావాల్సినచోటికి మీరే గుర్తుచేయాలి.

లెక్క తప్పింది, ఇప్పటికే ఎక్కువైపోయింది. పెళ్లికి ఇంకా నెలుంది. ఏం చేయాలి?

ఈ రాత్రే పుస్తకం తెరిచి, ఇంకా అడ్వాన్సు ఇవ్వని పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ముందు వాటిని ఆపండి, వాటితో పోయేదేమీ లేదు. తర్వాత అడ్వాన్సు ఇచ్చినవాటిలో పరిమాణం తగ్గించగలిగేవి చూడండి: వంటకాల సంఖ్య, ఫొటోల గంటలు, అలంకరణ. ఆ పనివాళ్లకు ఫోన్ చేసి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పండి. నెల ముందు చెబితే చాలామంది సర్దుబాటు చేస్తారు, రెండు రోజుల ముందు చెబితే సామాను వచ్చేసి ఉంటుంది. పిలిచినవాళ్లని వద్దనకండి. భోజనం తేలిక చేయండి, పిలుపు వెనక్కి తీసుకోకండి. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఈ రాత్రే చెప్పేయండి, కాగితం వాళ్ల ముందు పెట్టి.